కారు దిగని మామగారు

ఆ ఆదివారం అనుకున్నది చిన్న పని. అల్లుడు కొత్త కారులో వెళ్ళి పది గంటలకు మామగారిని ఎక్కించుకోవాలి. పదిన్నరకు ఇంటికి తీసుకురావాలి. మామగారు భోజనం చేసి, కారు బాగుందని ఒక మాట అని, మళ్ళీ అదే కారులో వెళ్ళిపోవాలి. ఆ ఒక్క మాట అనడమే ఆయనకు కష్టమని తెలిసి కూతురు ముందు రోజే ఫోన్ చేసింది.

"నాన్నా, కారు చూసి ఊరుకోకండి. ఏదో ఒకటి అనండి. ఆయన ఎంతో ముచ్చటపడి కొనుక్కున్నారు."

"అలాగే," అన్నాడాయన.

అల్లుడు భూమి కొలతల ఆఫీసులో పనిచేస్తాడు. కొన్నది సగం పెట్రోలుతో, సగం బ్యాటరీతో నడిచే హైబ్రిడ్ కారు. వారం రోజులుగా అతనికి వేరే ఊసు లేదు. చప్పుడు చేయదట. నిలబడితే ఇంజను దానంతటదే ఆగిపోతుందట, అవసరమనుకుంటే దానంతటదే లేస్తుందట. ముందు సీట్లే కాదు, వెనక సీట్లు కూడా వేడెక్కుతాయట. అన్నీ చెప్పాక చివర ఒక షరతు పెట్టాడు.

"ఏమనుకోవద్దు మామయ్యగారూ. కోళ్ళకు సంబంధించింది ఏదీ కారులోకి వద్దు. సీట్లు కొత్తవి."

"అలాగే," అన్నాడు దానికి కూడా.

ఆయన కోళ్ళు పెంచుతాడు. ఆ కోళ్ళు నిజానికి ఆయన భార్యవి. ఆవిడ పోయి ఆరేళ్ళయింది. ఆవిడ ఏరి ఏరి పెంచిన బూడిద రంగు జాతి అది. పందొమ్మిది రోజుల క్రితం అడవిపిల్లి పాకలో పడి ఒక్కదాన్నీ మిగల్చలేదు. దానికి ముందు రోజే ఆయన ఇరవై నాలుగు గుడ్లు తీసి, గుడ్లు పొదిగే కరెంటు పెట్టెలో పెట్టాడు. ఇప్పుడు ఆ జాతి అంటే ఆ ఇరవై నాలుగు గుడ్లే. ఈ ఆదివారం ఇరవయ్యో రోజు. పొద్దున చెవి ఆనించి వింటే రెండు గుడ్లలోంచి సన్నగా కిచకిచ వినిపించింది.

తొమ్మిదింటికి పెట్టెలో వేడి తీగ కాలిపోయింది.

బయట చెరువు మీద మంచు పెచ్చు కట్టేంత చలి. ఆయన ఇంట్లో పొయ్యి తప్ప వేడి లేదు. పొయ్యి దగ్గర పెడితే ఉడుకుతాయి, దూరంగా పెడితే చస్తాయి. కూతురి ఇంట్లో వెచ్చగా ఉండేది వియ్యపురాలి గది ఒక్కటే. పోయినేడు ఆయన కోటుకు అంటుకున్న ఈక ఒకటి ఆ గదిలో రాలింది. ఆ రోజే ఆవిడ, కోడి అన్నది తన గడప తొక్కకూడదని ఇంటిల్లిపాదికీ వినిపించేలా చెప్పింది. ఆయన కాసేపు నిలబడి ఆలోచించాడు. తరువాత గుడ్లను పాత ఉన్ని గుడ్డలో చుట్టి, సంచిలో పెట్టి, సంచిని కోటు కింద పెట్టుకున్నాడు. మాట తప్పడం ఆయనకు అలవాటు లేదు. గుడ్లు చల్లారనివ్వడం అంతకన్నా అలవాటు లేదు.

అల్లుడు వచ్చి ముందు తలుపు తెరిచి పట్టుకున్నాడు. "ముందు కూర్చోండి మామయ్యగారూ. రోడ్డంతా కనిపిస్తుంది."

"వెనకే," అన్నాడాయన.

"ముందైతే..."

"వెనకే."

అల్లుడి చెవులు ఎర్రబడ్డాయి. వెనక కూర్చుంటే నడిపేవాడు డ్రైవరవుతాడు. ఆయనకు ఆ ఆలోచన రాలేదు. పక్క సీటు మీద సంచి పెట్టి, దాని మీద కోటు కప్పి, తలుపు మీదున్న బటన్ నొక్కాడు. మూడు దీపాలు వెలిగాయి. కాసేపటికి సీటు వెచ్చబడింది. ఆయన జీవితంలో ఒక వాహనాన్ని చూసి సంతోషించడం అదే మొదలు. అది బయటికి కనిపించలేదు.

ఇల్లు వచ్చింది. అల్లుడు ఆపే బటన్ మీద వేలు పెట్టాడు.

"ఆపకు," అన్నాడు మామగారు.

"ఏంటండీ?"

"బండి ఆపకు. నేను దిగను."

అల్లుడు వెనక్కి తిరిగి చూశాడు. "ఏమైంది మామయ్యగారూ?"

"ఏం లేదు."

ఏమీ లేనప్పుడు మనుషులు అనే మాట అదే. అలిగినప్పుడు అనే మాట కూడా అదే. అల్లుడు మెల్లగా దిగి, తలుపు చప్పుడు కాకుండా వేసి, ఇంట్లోకి పరుగెత్తాడు.

నిజం చెప్పేద్దామా అని ఆయన అనుకున్నాడు. చెబితే గుడ్లు తీయమంటారు. తీసి ఎక్కడ పెట్టాలి? ఈ చలిగాలి ఒక్కసారి తగిలితే పెంకు లోపలి పొర ఎండి పిల్లకు అతుక్కుంటుంది. మధ్యాహ్నానికి నాలుగు పెంకులు చిట్లితే చాలు, అవి చూశాక తీసేయమని ఎవరూ అనరు, అప్పుడు చెప్పవచ్చు. ఆయన సంచి విప్పి గుడ్లను సీటు మీద వరసగా పేర్చాడు. తలుపులకు లోపలి నుంచి తాళం వేశాడు.

తరువాత పనిలో పడ్డాడు. సీటు వేడి చెప్పినట్టు వినేది కాదు. మూడు దీపాలు ఉంటే కాలుతోంది, ఒకటి ఉంటే చాలడం లేదు. రెండు దగ్గర నిలబెడితే, పావుగంట కాగానే అడగకుండానే ఒకటికి దిగుతోంది. పైగా ఇంజను ఆగినప్పుడల్లా పైనుంచి వచ్చే వెచ్చని గాలి చల్లబడుతోంది. గుడ్డు వేడి చూడటానికి ఆయనకు తెలిసిన పద్ధతి ఒక్కటే. గుడ్డును పిడికిట్లో పట్టుకుని, మూసిన కంటిరెప్పకు ఆనించాలి. రెప్పకు చల్లగానూ వేడిగానూ లేకపోతే సరిగ్గా ఉన్నట్టు. ఒక్కొక్క గుడ్డూ తీసి కంటికి ఆనించి, పెట్టి, మరొకటి తీస్తున్నాడు.

కూతురు బయటికి వచ్చింది. అద్దాలకు లోపల ఆవిరి పట్టి సరిగ్గా కనపడటం లేదు. అరచేయి అడ్డం పెట్టుకుని చూసింది. తండ్రి తల వంచుకుని, పిడికిలితో కళ్ళు ఒత్తుకుంటున్నాడు. ఒక కన్ను అయ్యాక రెండో కన్ను.

ఆమె వెనక్కి రెండడుగులు వేసింది. "ఏవండీ... నాన్న ఏడుస్తున్నాడు."

"ఆయనా?"

"అమ్మ పోయినప్పుడు కూడా ఏడవలేదండీ! ఏం చేశారు మీరు?"

"నేనేం చేశాను? ముందు కూర్చోమన్నాను!"

"ఎలా అన్నారు?"

"ఎలా అంటే... నోటితోనే."

ఎదురింటి రిటైర్డ్ పోస్ట్‌మాస్టరు ఇదంతా గేటు దగ్గర నుంచి చూస్తున్నాడు. ముప్పై ఏళ్ళు ఇతరుల ఉత్తరాలు పంచినవాడు, ఇతరుల గొడవ చూస్తూ ఊరుకోలేడు. మఫ్లరు చుట్టుకుని రోడ్డు దాటి వచ్చాడు. అద్దంలోకి చూసి, సాక్షిలాగా, చూసింది చూసినట్టు చెప్పసాగాడు.

"చేతిరుమాలు తీశారు. ముఖం దగ్గర పెట్టుకున్నారు. అయ్యయ్యో... పిండుతున్నారమ్మా. చేతిరుమాలు పిండుతున్నారు. నీళ్ళు ధారగా కారుతున్నాయి."

లోపల మామగారు గుడ్ల మీద తేమ కోసం సీసాలో నీళ్ళతో చేతిరుమాలు తడిపి, పిండి, కోటు కింద పరిచాడు.

కూతురు అద్దాన్ని కొట్టింది. "నాన్నా! తలుపు తియ్యండి నాన్నా!"

ఆయన అడ్డంగా తల ఊపాడు. సరిగ్గా అప్పుడే, కూతురు వచ్చినప్పటి నుంచి చడీచప్పుడు లేకుండా ఉన్న కారు ఒక్కసారి గుర్రుమంది. కారుకు ఇంజను అవసరమనిపించింది.

"నాన్న వెళ్ళిపోతున్నాడు!" అని కూతురు కేక పెట్టింది.

"ఆయనకు డ్రైవింగ్ రాదు కదా," అన్నాడు అల్లుడు.

"కోపంలో వస్తుంది! అడ్డం పడండి!"

పోస్ట్‌మాస్టరే ముందు అడ్డం పడ్డాడు. రెండు చేతులూ చాచి కారు ముందు నిలబడి, "పెద్దాయనా, తొందరపడకండి! పంతం మంచిది కాదు!" అన్నాడు. వెనక సీట్లో కూర్చున్న మనిషితో అంటున్నానని ఆయనకు తట్టలేదు. కాసేపటికి ఇంజను ఆగిపోయింది. తన మాట విన్నాడని పోస్ట్‌మాస్టరు సంతోషించాడు.

"చూశారా, మెత్తబడ్డారు. ఇదే సమయం. తప్పేదో ఒప్పేసుకోండి బాబూ."

"ఏ తప్పు?"

"అది మీకే తెలియాలి."

అల్లుడు అద్దం దగ్గరికి వెళ్ళి వంగాడు. మొహం గంభీరంగా పెట్టాడు. "మామయ్యగారూ, మీకు తెలిసిపోయిందని ఇప్పుడు అర్థమైంది. మాట్లాడరని మేం ఇంట్లో మిమ్మల్ని ఆగిపోయిన గడియారం అంటాం. నిజమే. అది తప్పే."

మామగారు ఒక గుడ్డు తీసి కంటికి ఆనించుకున్నాడు.

"ఇంకా ఏడుస్తున్నారు," అన్నాడు పోస్ట్‌మాస్టరు. "అది కాదు. ఇంకేదో పెద్దది."

కూతురు మొగుణ్ణి పక్కకు తోసి తానే వంగింది. "నాన్నా, గుడ్ల సంగతి కదూ? మీరు ప్రతివారం పంపిన గుడ్లు మేం తినలేదు నాన్నా. అత్తయ్యకు వాసన పడదని, రెండేళ్ళుగా ఈ పోస్ట్‌మాస్టరుగారికే ఇచ్చేస్తూ వచ్చాను."

పోస్ట్‌మాస్టరు మఫ్లరు సర్దుకున్నాడు. "చాలా బాగుంటాయండీ," అన్నాడు అద్దంతో. "పచ్చసొన మంచి రంగు."

గుడ్డు అనే మాట వినగానే మామగారు ఉలిక్కిపడి కోటు మీద చేయి వేశాడు. ఆ ఉలికిపాటు అందరూ చూశారు. కానీ మళ్ళీ చేయి కంటి దగ్గరికే వెళ్ళింది.

ఇక అల్లుడు మళ్ళీ అద్దం దగ్గరికి వచ్చాడు. "అయితే అదే," అన్నాడు. "మా ఆఫీసులో ఎవరో చెప్పేసి ఉంటారు. మామయ్యగారూ, పోయినేడు మీరు చనిపోయారని చెప్పి మూడు రోజులు సెలవు పెట్టాను."

కూతురు మొగుడి వైపు తిరిగింది.

"మూడు రోజులా?" అంది కూతురు.

"దగ్గరివాళ్ళు పోతే మూడు రోజులిస్తారు."

"అది కాదు నేనడిగేది. ఆ మూడు రోజులూ ట్రైనింగ్ అన్నారు నాతో. ఎక్కడికెళ్ళారు?"

"చేపలు పట్టడానికి."

"చేపలు!"

"పడలేదు," అన్నాడు అల్లుడు దీనంగా.

"మా నాన్నను చంపి చేపలు పట్టడానికి వెళ్ళారా?"

పోస్ట్‌మాస్టరు తల పంకించి, అద్దంలోకి తొంగి చూసి, "ఇది విన్నాక ఎవరైనా ఏడుస్తారు," అన్నాడు.

ఇంట్లోంచి వియ్యపురాలు వచ్చింది. చలికాలంలో ఆవిడ గది దాటి రావడం ఎవరూ చూడలేదు. శాలువా మీద శాలువా కప్పుకుని, కర్ర పట్టుకుని, కారు దాకా వచ్చింది. కొడుకును చూసి, "నోరు ముయ్యరా, చేసింది చాలు," అంది. తరువాత అద్దం దగ్గర నిలబడింది.

"అన్నయ్యగారూ, తప్పంతా నాది. ఒక్క ఈకకు అన్నేసి మాటలన్నాను. ఆ రోజు మొదలు మీరు నా గదిలోకి రాలేదు. గుమ్మంలోనే కూర్చుని తిని వెళ్తున్నారు. చూసి కూడా రమ్మనలేదు. లోపలికి రండి. నా గదిలోనే కూర్చుందురు గాని. మీరు ఏం తెచ్చుకున్నా నేను మాట్లాడను."

లోపల సీటు మీద దీపం ఒకటికి దిగింది. బటన్ నొక్కితే పలకలేదు. మరోసారి నొక్కాడు. ఆ ఒక్క దీపం కూడా ఆరిపోయింది. కోటు కింద ఏదో టక్కుమంది.

ఆయన అద్దం వేలెడు దించాడు. "ఏం తెచ్చినా సరేనా చెల్లెమ్మా?"

"ఏం తెచ్చినా సరే."

"గది వెచ్చగా ఉందా?"

"నిప్పులా ఉంది."

తలుపు తెరుచుకుంది. ఆయన ముందు దిగలేదు. కోటు అంచు ఎత్తి చూపించాడు. ఇరవై నాలుగు గుడ్లు. మూడింటికి పెంకు చిట్లి ఉంది. ఒకదాని రంధ్రంలోంచి బియ్యపుగింజంత ముక్కు బయటికి పొడిచి, లోపలికి పోయింది.

అందరికన్నా ముందు తేరుకున్నది వియ్యపురాలు. పై శాలువా తీసి చాపింది. "చూస్తారేంటర్రా, గాలి తగులుతోంది. పట్టండి!"

గుడ్లు శాలువాలో, శాలువా ఆవిడ గదిలో, గది తలుపు మూసి ఉండగా, అప్పుడు కూతురు తండ్రిని అడిగింది.

"ఇందుకా నాన్నా దిగంది?"

"అవును."

"మరి ఆ ఏడుపు?"

"ఎవరేడ్చారు?"

ఆమె పిడికిలి కంటికి పెట్టుకుని చూపించింది. ఆయన ఒక గుడ్డు తీసి ఆమె కంటిరెప్పకు ఆనించాడు. ఆమె కాసేపు కళ్ళు మూసుకునే ఉండిపోయింది. తల్లి చేత్తో ఒకప్పుడు అలాగే ఆనించేదని గుర్తొచ్చిందో ఏమో, కళ్ళు తెరిచేసరికి నిజంగానే తడి ఉంది.

అల్లుడు గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకున్నాడు. "మామయ్యగారూ, బయట మేం ఏవేవో అనుకున్నాం. అద్దాలు మూసి ఉన్నాయి కాబట్టి మీకు వినపడి ఉండదు."

"వినపడింది."

"అంతానా?"

"బండి చప్పుడు చేయదు కదా," అన్నాడాయన. తరువాత, కూతురికి ఇచ్చిన మాట ప్రకారం, "బాగుంది," అన్నాడు.

తెల్లారేలోగా ఇరవై ఒక్క పిల్లలు బయటికొచ్చాయి. వియ్యపురాలు వాటికి తన మంచం పక్కనే చోటిచ్చింది. వాసన సంగతి ఎవరూ ఎత్తలేదు. మూడు రోజుల సంగతి కూతురు పదే పదే ఎత్తింది.

మర్నాడు పొద్దున పోస్ట్‌మాస్టరు గేటు తీసేసరికి, ఎదురింటి ముందు అద్దాలకు ఆవిరి పట్టిన కారు కనిపించింది. లోపల తలుపులకు తాళం వేసుకుని అల్లుడు కూర్చుని ఉన్నాడు. అతని దగ్గర గుడ్లేమీ లేవు.