మేము, మనం, వాళ్ళు

పందొమ్మిదివందల నలభై ఆరో సంవత్సరం వేసవిలో, ప్రపంచంలో శాశ్వత శాంతి నెలకొనకపోవడానికి అసలు కారణం తిరుపతిలో బయటపడింది. ఆ విషయమై అంతవరకూ తిరుపతి వారిని ఎవరూ సంప్రదించలేదు. ఈ లోపాన్ని సవరించడానికి సుందరరాజు గారు ముందుకు వచ్చి, తమ అధ్యక్షతన శాశ్వత శాంతి స్థాపక మహాసంఘాన్ని నెలకొల్పారు. యుద్ధంలో ధర్మం తప్పి నిరాయుధులను చంపిన శత్రు సేనానులను వచ్చే ఆదివారం సత్రం ఆవరణలో బహిరంగంగా విచారించి శిక్షించెదమని, ఇందుమూలముగా యావన్మంది ప్రజలకూ దండోరా వేయించారు.

సుందరరాజు గారు శాంతికి కొత్తవారు కారు. యుద్ధం జరిగినన్నాళ్ళూ ఆయన శాంతి కోసమే లారీలో పల్లెపల్లెకూ తిరిగి కుర్రవాళ్ళను సైన్యంలో చేర్పించారు. ఒక్కొక్కడి మెడలో బంతిపూల మాల వేసి, చేతిలో రెండు అరటిపండ్లు పెట్టి, “మనం గెలవాల నాయనా, మనం!” అని వీపు తట్టి రైలెక్కించారు. ఆ సేవకు మెచ్చి దొరలు వెండి పతకం ఇచ్చారు. ఇప్పుడు గాలి మారింది. ఆ పతకం చొక్కా మీద కనబడితే వీధిలో పిల్లలు వెంటబడి కేకలు వేస్తున్నారు. పైగా మునిసిపల్ ఎన్నికలు దగ్గరపడ్డాయి. కాబట్టి పతకం పెట్టెలోకి వెళ్ళింది, శాంతి బయటికి వచ్చింది.

విచారణ ఏర్పాట్లు చకచకా జరిగిపోయాయి. ముద్దాయిలు దూరదేశాల్లో ఉండి హాజరు కాలేకపోయినందున, బంగారుపాళ్యం మామిడితోటల నుంచి మూడు గడ్డిబొమ్మలను రప్పించారు. శత్రు సైన్యం దుస్తులు తిరుపతిలో దొరకలేదు. బర్మా యుద్ధం నుంచి తిరిగొచ్చిన చిన్నబ్బ దగ్గర ఖాకీ చొక్కా ఉంటే, దాన్నే పెద్ద సేనానికి తొడిగారు. న్యాయంలో ఆలస్యం పనికిరాదు గనుక తీర్పు ముందే రాయించి పెట్టారు. రాసినవారు మిషను బడిలో తెలుగు చెప్పే ప్రేమానందం అయ్యవారు. ఇక కావలసిందల్లా ఒక సాక్షి. చొక్కా ఇచ్చినవాడే సాక్ష్యమూ ఇస్తాడని, చిన్నబ్బను పిలిపించి తమ ఇంటి అరుగు మీద కూర్చోబెట్టారు సుందరరాజు గారు.

“నువ్వు సూసిందే సెప్పప్పా. ఏమీ కల్పించొద్దు,” అన్నారు.

“ఏటి గట్టున సిన్న ఊరు సామీ,” అన్నాడు చిన్నబ్బ. “ముందురోజు ఆడ ఒక అవ్వ మాకు గుమ్మడికాయ కూర వండి పెట్టినాది. మర్నాడు పొద్దున్నే ఆ ఊరికి అగ్గి. బయటికి ఉరికొచ్చినోళ్ళ మీద తుపాకులు. సేతిలో కట్టె గూడా లేనోళ్ళు సామీ. ఆడోళ్ళు, బిడ్డలు. ఆ అవ్వ గూడా.”

సుందరరాజు గారి కళ్ళు చెమర్చాయి. ఇంత చక్కటి సాక్ష్యం దొరుకుతుందని ఆయన కలలో కూడా అనుకోలేదు.

“పాపిష్టోళ్ళు! ఎవరప్పా వాళ్ళు?”

“మేమే సామీ. జపానోళ్ళు ఆ ఊర్లో దాక్కోని ఉండారని మా కెప్టెను దొర సెప్పినాడు. ఒక్కడూ లేడు. అగ్గిపుల్ల గీసింది నేనే.”

ఇది కేవలం వ్యాకరణ దోషమని సుందరరాజు గారు త్వరలోనే గ్రహించారు. “సూడు చిన్నబ్బా,” అన్నారు ఎంతో లాలనగా. “ఊరు ఉండనీ, అగ్గి ఉండనీ, అవ్వ ఉండనీ. ‘మేము’ అనే కాడ మాత్రం ‘వాళ్ళు’ అను. ఒక్క మాట మారిస్తే అంతా సరిపోతుంది.”

“నేను వాళ్ళు అంటే, ఆ అవ్వకు జవాబు ఎవరు సెప్పాల సామీ? నాకు కన్ను మూత పడదు. ఎవరైనా నన్ను పిలిచి, ఎందుకు సేసినావురా అని అడిగితే బాగుండునని ఉండాది.”

“శాంతి వచ్చినాక ఇంక జవాబులు ఎందుకప్పా?” అన్నారు సుందరరాజు గారు. ఆ వారమంతా పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చిన్నబ్బ చేత ‘వాళ్ళు’ అనిపించారు.

ఆదివారం జనం కిక్కిరిసి వచ్చారు. మజ్జిగ ఉచితమనీ, చివర బొమ్మలను తగలబెడతారనీ అందరికీ తెలుసు. సుందరరాజు గారు లేచి గొంతు సవరించుకున్నారు. “మహాజనులారా! మనం గెలిచాం! ధర్మంగా గెలిచాం! గెలుపు మనది గనుక తీర్పు కూడా మనదే!” చప్పట్లతో సత్రం అదిరింది. తర్వాత ముద్దాయిని గుర్తుపట్టమని సాక్షిని అడిగారు. చిన్నబ్బ పెద్ద బొమ్మను ఎగాదిగా చూసి, “ఆ సొక్కా నాది,” అన్నాడు. సాక్షి ముద్దాయిని గుర్తుపట్టెనని ప్రేమానందం అయ్యవారు రాసుకున్నారు.

చిన్నబ్బ ఊరు చెప్పాడు, అవ్వను చెప్పాడు, గుమ్మడికాయ కూర చెప్పాడు. ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు ఒత్తుకున్నారు. అసలు మాట దగ్గరికి వచ్చేసరికి నిలిచిపోయాడు. “వాళ్ళు, వాళ్ళు,” అని సుందరరాజు గారు గొంతు తగ్గించి అందించారు.

“మేము అనొద్దంటిరి. అననులే సామీ,” అన్నాడు చిన్నబ్బ. “మనం కాల్చినాము.”

“మనమా? ఎవరయ్యా మనం? నేను ఆ దేశం మొగమే ఎరగను!”

“గెలిచింది మనం అని ఇప్పుడే గదా సామీ సెప్తిరి. గెలిచేదానికి అందరమూ, కాల్చేదానికి నేనొక్కణ్ణేనా?”

జనంలోంచి అక్కమ్మ లేచింది. ఆమె కొడుకు ధనంజయ చిన్నబ్బ ఎక్కిన రైలే ఎక్కాడు, తిరిగి రాలేదు. “మా ధనంజయ గూడా ఉన్నాడా నాయనా?” అని అడిగింది.

“ఉన్నాడు పెద్దమ్మా. నా పక్కనే.”

అక్కమ్మ జనాన్ని తప్పించుకుని ముందుకు వచ్చింది. “అయితే మనమే నాయనా,” అంది. అని, సుందరరాజు గారి వైపు చూసింది. ఆయనకు నిజంగానే భయం వేసింది. ఆమె కొడుకు మెడలో మాల వేసిన చేతులను ఎక్కడ దాచుకోవాలో తోచక, వెనక్కి పెట్టుకున్నారు.

ఆ ఆపదలో ఆదుకున్నది తెలుగు భాష. ప్రేమానందం అయ్యవారు అధ్యక్షుల చెవి దగ్గరికి వంగి, “కర్త లేకుండా రాయొచ్చండీ,” అన్నారు. సుందరరాజు గారు ఆయన్ను కౌగిలించుకున్నారు. తీర్పు చదివారు. శత్రువులు సకల నేరాలకూ బాధ్యులు. ‘మరియు ఏటి గట్టున ఒక గ్రామము కాలినది. అందులకు సంఘము మిక్కిలి విచారించుచున్నది.’ ఎవరూ కాల్చకుండానే కాలిన ఆ గ్రామం సంగతి విని జనం కూడా ఊరట చెంది చప్పట్లు కొట్టారు. బొమ్మలకు నిప్పంటించారు.

“నన్ను ఎవరూ అడగరా సామీ?” అన్నాడు చిన్నబ్బ.

“తీర్పులో నీ పేరే లేదప్పా. సంతోషంగా ఇంటికి పో.”

చిన్నబ్బ సంతోషించలేదు. మండుతున్న తన చొక్కాను చూస్తూ చివరిదాకా అక్కడే నిలబడ్డాడు. అక్కమ్మ వచ్చి, “రా నాయనా, మా ఇంటికి పోదాం. నేను అడగతా, నువ్వు సెప్పు,” అని చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. ఈ సంగతి సంఘం దృష్టికి రాలేదు.

ఎన్నికల్లో సుందరరాజు గారు ఘనంగా గెలిచారు. ఆ తీర్పు దేశదేశాలకూ ఎలా పాకిందో తెలియదు గానీ, నేటికీ లోకంలో ఊళ్ళు కాలుతూనే ఉన్నాయి, కాల్చినవాళ్ళు మాత్రం ఎక్కడా లేరు. ఇదంతా చదివి, “ఎంత సిగ్గులేని మనుషులయ్యా వాళ్ళు!” అని పాఠక మహాశయులకు అనిపిస్తే చాలా సంతోషం. సుందరరాజు గారు వారం రోజులు రెండు పూటలా నేర్పినా చిన్నబ్బకు పట్టుబడని మాట, ఎవరూ నేర్పకుండానే తమ నోట పలికింది.