అరటిపండు బ్రెడ్డు, అధ్యక్ష పదవి

లాల్‌దర్వాజాలో పప్పుల దుకాణం నడిపే వైకుంఠం ఆ ఆదివారం పొద్దున చాయ్ తాగుతూ ఒకే ఒక్క విషయం ఆలోచిస్తున్నాడు. సాయంత్రం గల్లీ బోనాల కమిటీ తన ఇంట్లోనే కూర్చుని కొత్త అధ్యక్షుణ్ణి ఎన్నుకోబోతోంది. అధ్యక్షుడికి జీతం లేదు, అధికారం అంతకన్నా లేదు. కానీ ఫ్లెక్సీ మీద అమ్మవారి తర్వాత పెద్ద ఫొటో ఆయనదే. వైకుంఠం ఫొటో ఇన్నేళ్లుగా అట్టడుగు వరుసలో, టెంట్‌హౌస్ ఫోన్ నంబరు పక్కన, పోస్టల్ స్టాంపు సైజులో పడుతోంది. మనిషన్నవాడు ఎంతకాలమని ఓర్చుకుంటాడు?

పోటీకి ఉన్నది పాల దుర్గయ్య ఒక్కడే. కానీ ఆయన తన ఇంట్లో మీటింగు జరిగినప్పుడల్లా కమ్మటి కలాకంద్ పెట్టి సగంమందిని తన వైపు తిప్పేసుకుంటాడు. దాన్ని తలదన్నేది ఏదైనా పెట్టాలని వైకుంఠం పట్టుదల.

"బనానా బ్రెడ్ చేస్త మామయ్యా," అంది కోడలు ఆశ్రిత. "గుడ్డు లేకుండ పెరుగేసి చేస్త. ఓవెన్ గూడ అక్కర్లే, కుక్కర్‌ల ఉప్పు పోసి పెడ్తే చాలు."

"బ్రెడ్డా? జరమొచ్చినోళ్లు తింటరు బ్రెడ్డు. కమిటీకి బ్రెడ్డు పెడ్తే నవ్వుతరు బిడ్డా."

"గా బ్రెడ్ కాదు మామయ్యా. కేక్ లెక్కుంటది."

"మరి కేక్ అనే చెప్దాం."

"కేకంటే గుడ్డేసిన్రా అని అడుగుతరు," అని భార్య వాసవాంబ అడ్డుపడింది. "సేట్లింట్ల గుడ్లు పలగ్గొట్టిన్రంట అని ఛత్రినాక దాంక పాకుతది. బ్రెడ్డనే అనున్రి."

అలా పరువు కోసం దానికి బ్రెడ్డనే పేరు ఖాయం చేశారు. ఇంటి పరువు సంగతేమో గాని, ఇంటాయన గతి అక్కడే ఖాయమైపోయింది.

బాగా మగ్గి తొక్క నల్లబడ్డ అరటిపండ్లే తేవాలనీ, పచ్చగా నిగనిగలాడేవాటితో తీపీ రాదు, వాసనా రాదనీ ఆశ్రిత మరీ మరీ చెప్పి పంపింది. జన్మలో మచ్చ ఉన్న పండును సంచిలో పడనివ్వని వైకుంఠం, జహంగీర్ భాయ్ బండి దగ్గర నిలబడి రేపో మాపో కుళ్లబోయేవాటినే ఏరి ఏరి తీసుకున్నాడు.

"సేఠ్, గవి ఆవుకేద్దామని పక్కకు పెట్టిన. అచ్ఛా మాల్ ఇగో ఇక్కడుంది," అన్నాడు జహంగీర్.

"నాకు మెత్తటియే కావాలె భాయ్. ఇంట్ల బ్రెడ్డు చేస్తున్నరు."

"బ్రెడ్డా? ఎవరికి?"

"ఎవరికేంది, నా కోసమే. అమ్మవారి దయుంటే సాయంత్రానికి నా పని అయిపోతది!" అని నవ్వుతూ చెప్పి వైకుంఠం వెళ్లిపోయాడు.

బ్రెడ్డూ మెత్తటి పండ్లూ సాయంత్రానికి అయిపోయే పనీ, అన్నీ కలిపి జహంగీర్ లెక్క కట్టుకున్నాడు. చావును ఇంత ధైర్యంగా ఎదుర్కొనే మనిషిని అతను ఎన్నడూ చూడలేదు. ఎదురుగా ఉన్న దుర్గయ్య పాలకేంద్రానికి వెళ్లి సేఠ్ తబియత్ ఖరాబ్ అయిందని చెప్పాడు. పాలకేంద్రంలో అది కడుపులో పుండైంది. ఇస్త్రీ బండి దగ్గరికి వచ్చేసరికి డాక్టర్లు చేతులెత్తేశారు.

ఇంట్లో ఆశ్రిత పండ్లు మెదిపి, బెల్లం తురుము, పెరుగు, నూనె కలిపి, మైదా, సోడా జల్లించి పోసింది. ఎక్కువ కలిపితే సాగుతుందని పిండి తడవగానే గరిటె ఆపేసింది. గిన్నెను కుక్కర్‌లో దింపి, తీసి చూస్తూ, పుల్ల గుచ్చుతూ అక్కడే నిలబడింది. సరిగ్గా అప్పుడే కమిటీ కార్యదర్శి సీతారాం ఒక చేతిలో బ్రెడ్డు ప్యాకెట్, మరో చేతిలో అరటిపండ్లతో గుమ్మంలోకి వచ్చాడు.

"ఎట్లుంది చెల్లె?" అని వాసవాంబను గొంతు తగ్గించి అడిగాడు.

వాసవాంబ ధ్యాసంతా పొయ్యి మీదే ఉంది. వాసన అప్పుడే గల్లీలోకి పోయిందన్నమాట అనుకుంది. "ఏం జెప్పాలె అన్నా! ముందుగాల మంట ఎక్కువైండె. ఇప్పుడు జర తగ్గింది."

"అయ్యో! మరి ఇప్పుడు?"

"మస్తు పొంగింది. పైకి మంచిగనే కనిపిస్తుంది గని, కోడలు పుల్ల గుచ్చి చూస్తే లోపలంత పచ్చిగనే ఉన్నదంట."

సీతారాం ప్యాకెట్‌నూ పండ్లనూ గడప పక్కన పెట్టేశాడు. "పుల్ల గుచ్చిందా! తెలిసినోళ్లకు ఎవరికన్న చూపిచ్చిన్రా?"

"ఎందుకన్నా, ఫోన్ల చూసి చేస్తుంది గద. ఇంకో అరగంటల అయిపోతదంది."

ఆ అరగంటలో గల్లీ గల్లీ అంతా వచ్చేసింది. వచ్చిన ప్రతివాడి చేతిలోనూ బ్రెడ్డు, అరటిపండ్లు. రోగులకు పండ్లూ బ్రెడ్డూ పంచి ఫొటోలు దిగడంలో చేయి తిరిగిన యువనాయకుడు రవీందర్, కుర్చీలు సర్దుతున్న వైకుంఠం చేతిలో ప్యాకెట్ పెట్టి, "జర నీరసంగ చూడన్నా," అని ఫొటో కూడా దిగాడు.

"నాకేమైందిరా? మంచిగనే ఉన్న!" అని అరిచాడు వైకుంఠం.

"గట్లనే అనాలె అన్నా. ధైర్యం ఇడువొద్దు."

కాదన్నకొద్దీ వాళ్ల కళ్లలో జాలి పెరుగుతోంది. ఇక లాభం లేదని వైకుంఠం గొంతు చించుకోబోతుండగా, మూలన సీతారాం ఎవరితోనో గుసగుసలాడటం వినిపించింది. "ఈసారి అధ్యక్షుడు వైకుంఠమే. పాపం, మల్ల బోనాలు చూస్తడో లేదో."

ఆ మాట చెవిన పడగానే వైకుంఠం అరుపు మింగేశాడు. మెల్లగా మంచం చేరి, దుప్పటి కప్పుకుని, నాలుగుసార్లు దగ్గాడు. కడుపు జబ్బుకు దగ్గెందుకని ఎవరూ అడగలేదు. సానుభూతి దగ్గర అలాంటి లెక్కలు ఉండవు.

ఇంతలో కుక్కర్ మూత తెరుచుకుంది. మగ్గిన అరటిపండూ బెల్లమూ కలిసిన వాసన ఇల్లంతా కమ్ముకుంది. పైన ముదురు గోధుమ రంగు, లోపల దూదిలాంటి మెత్తదనం. మనుషులు కన్నీళ్లు తుడుచుకుంటూనే ముక్క మీద ముక్క అందుకున్నారు. ఆశ్రిత మామయ్యకో ముక్క తీసుకెళ్లబోతే సీతారాం అడ్డుకున్నాడు. "వద్దు బిడ్డా, అరగదు." ప్యాకెట్ బ్రెడ్డును దుర్గయ్య తెచ్చిన పాలల్లో ముంచి తనే స్వయంగా తినిపించాడు. పదవి కోసం వైకుంఠం అదీ మింగాడు.

పళ్లెం ఖాళీ కావస్తుండగా మంచం చుట్టూ మీటింగు మొదలైంది. సీతారాం గొంతు సవరించుకున్నాడు. "వైకుంఠం సేట్‌ను జీవితాంతం గౌరవాధ్యక్షునిగ ఏకగ్రీవంగ ఎన్నుకుంటున్నం!"

చప్పట్లు మోగాయి. వైకుంఠం దుప్పట్లోంచి తల బయటపెట్టాడు. "గౌరవ... అంటే?"

"అంటే నువ్వు ఏం ఫికర్ చెయ్యనక్కర్లే. తిరుగుడు, స్టేజి, శాలువ, గవన్ని దుర్గయ్య చూసుకుంటడు. ఆయన వర్కింగ్ ప్రెసిడెంటు."

"మరి ఫొటో?"

"దుర్గయ్యది నడుమల పెద్దగ. నీది పైన మూలకు, పోయినేడు కాలం చేసిన సోమయ్య తాత పక్కకు."

వైకుంఠం దుప్పటి విసిరి మంచం మీంచి ఒక్క దూకు దూకాడు. పళ్లెంలో మిగిలిన ముక్కలన్నీ నోట్లో కుక్కుకున్నాడు. గోడకు ఆనించిన కందిపప్పు బస్తాను అమాంతం భుజానికెత్తుకున్నాడు. "నాకు ఏ రోగం లేదు! బ్రెడ్డు మీ కోసమే చేపిచ్చిన! చూడున్రి, తింటున్న, మోస్తున్న!"

దుర్గయ్య భుజం మీది తువ్వాలుతో కళ్లొత్తుకున్నాడు.

"ఆరిపోయే ముంగట దీపం గిట్లనే ఎలుగుతది," అన్నాడు.

అందరూ అవునన్నట్టు తలలూపారు. బస్తా కింద వైకుంఠానికి నిజంగానే ఏడుపొచ్చింది. అది చూసి ఆడవాళ్లు ఏడ్చారు. వాళ్లను చూసి, ఎందుకో తెలియకపోయినా వాసవాంబ కూడా ఏడ్చింది.

పోతూ పోతూ సీతారాం ఆశ్రితను పక్కకు పిలిచి, బ్రెడ్డు అద్భుతంగా కుదిరిందనీ, దినాలకు వేరే వంటవాళ్లను పెట్టకుండా ఇదే చేస్తే బాగుంటుందనీ సలహా ఇచ్చాడు.