సిఫార్సు లేని సందు

ఒక పెద్ద అడవిలో, ఆ పైవాడు మనకిచ్చినట్టే జంతువులకీ ఒక ప్రభుత్వాన్ని ఇచ్చాడు నాయనా, ఎవరి ఖర్మ ఎవరు తప్పిస్తారు. రాజు పులిదొర. ముసలివాడు, పైగా కీళ్లవాతం. చలికి గుహలో పడుకోలేక, ఎవరో కలప కాంట్రాక్టరు వదిలేసి పోయిన రేకుల షెడ్డులోకి కాపురం మార్చాడు.

షెడ్డంటే గుంజలు పాతి చుట్టూ రేకులు కొట్టిందే. రేకుకీ రేకుకీ మధ్య సందు, చూరు కింద సందు, నేల దగ్గర సందు. వాయుదేవుడు లేని చోటు లేదంటారు గదా, అనుమానం ఉన్నవాళ్లు ఆ షెడ్డులో ఒక్క పూట పడుకుంటే చాలు, భక్తి కుదురుతుంది.

మరమ్మతుల అధికారి దుప్పి గవరయ్యని పులిదొర పిలిపించాడు. "ఒరే గవరయ్యా, అమావాస్యలోగా సందులన్నీ మూయించు. ఆ తరవాత నా ఒంటికి గాలి తగిలిందో, ఆ పూట నా భోజనం నువ్వే."

ఆ మాటతో గవరయ్యకి లేతగడ్డి కూడా గొంతు దిగలేదు. పుట్టమన్ను తెప్పించాడు, తుమ్మజిగురు కలిపించాడు, తెలిసిన దేవుళ్లందరికీ మొక్కుకున్నాడు.

చూరు కింద మొదటి ముద్ద పెట్టబోతుంటే గబ్బిలం తాయారమ్మ తలకిందులుగానే పలకరించింది. "ఇది మా అత్తగారి నాటి దారి బాబూ. మా మరిదికి మంత్రిగారు బాగా కావలసినవారు."

మంత్రి నక్క పానకాలు. ఆయన వచ్చి గవరయ్య భుజమ్మీద చెయ్యేశాడు. "పాపం ఆడకూతురు, వదిలెయ్యవోయ్. అన్నట్టు వెనకవైపు, నేల దగ్గరి సందు కూడా వదిలెయ్. అది నాది."

"తమకెందుకండీ సందు?"

"రాజుగారి క్షేమం కనుక్కోవద్దూ?"

రాజుగారు తినగా మిగిలిన బొమికలు కూడా ఆ దారినే క్షేమంగా వెళ్లిపోయేవి లెండి.

నాగుపాము ఏమీ అడగలేదు. వచ్చి పడగ విప్పి కూర్చున్నాడంతే. గవరయ్యే అడిగాడు, "తమకెంత వెడల్పు సరిపోతుందండీ?"

అలా ప్రతి సందుకీ ఒక పెద్దమనిషి తేలాడు. అమావాస్య దగ్గరపడింది, కలిపిన మట్టి కలిపినట్టే ఉంది. గవరయ్య సభలో చేతులు జోడించాడు. "ఏదో ఒకటి మూయనివ్వండి బాబూ, నా ప్రాణం పోయేలా ఉంది."

పానకాలు గడ్డం గోక్కున్నాడు. "ఎవరూ సిఫార్సు చెయ్యని సందు ఒక్కటుంది. అన్నిట్లోకీ పెద్దది. వాకిలి."

"వాకిలి మూస్తే రాజుగారు బయటికెలా వస్తారండీ?"

"అది బయటికి వచ్చే విషయం. ఇప్పుడు మనం కూర్చున్నది గాలి లోపలికి వచ్చే విషయం మీద. రెండూ కలపకు."

అందరూ చేతులెత్తారు. చేతులు లేని పాము పడగెత్తాడు. పులిదొర ఒక అడవిపందిని పూర్తిగా భోంచేసి రెండు రోజుల నిద్రలో ఉన్నాడు. ఆ లోపల వాకిలికి దుంగలు అడ్డం పేర్చి, మట్టి మెత్తి, జిగురు పూసి రాయిలా బిగించేశారు.

దొరకి మెలకువ వచ్చేసరికి అమావాస్య దాటిపోయింది, చూరు కిందినించి గాలి ఈలవేస్తోంది, నేల దగ్గరి గాలి తోక కింద గిలిగింతలు పెడుతోంది.

"గవరయ్యా, గాలి కొడుతోంది రా."

బయట గవరయ్య కొమ్ములు వంచి నిలబడ్డాడు. "చిత్తం దొరా."

"లోపలికి రా. ఆకలి వేస్తోంది."

గవరయ్య కళ్లు మూసుకుని దేవుణ్ణి తలుచుకున్నాడు. కళ్లు తెరిస్తే ఎదురుగా మట్టిగోడ. దాన్ని కొమ్ముతో ఒకసారి పొడిచి చూశాడు. పెళ్ల కూడా రాలలేదు.

"రావాలనే ఉంది దొరా. దారి లేదండీ."

పులి రేకు మీద పంజా విసిరాడు. చల్లటి రేకు, వాతం చెయ్యి. మూలుగు మాత్రం వచ్చింది. "అయితే నేనే వస్తాను. ఏదైనా సందు వెడల్పు చేయించు."

"అన్నిటికీ హక్కుదారులున్నారు దొరా."

తాయారమ్మ చూరులోంచి వంగి, "దరఖాస్తు పెట్టుకోమనండి, చూద్దాం" అంది.

పానకాలు వినయంగా దగ్గాడు. "సభలో పెట్టాలి మహారాజా. సభకి అధ్యక్షులు తమరే. తమరు బయటికి రాగానే పెట్టేద్దాం."

గవరయ్య నెమ్మదిగా వాగు వేపు వెళ్లాడు. ఎన్నాళ్ల తరవాతో ఆ పూట గడ్డి తియ్యగా ఉంది.

అందుచేత నాయనా, దొంగ కన్నమైనా సరే ఒక పెద్దమనిషిని అండ పెట్టుకోండి. సిఫార్సు లేకపోతే రాజుగారి వాకిలికైనా మట్టే గతి.