సీలు తీయని బీరువా

సినిమాలు చూడ్డం అనాగరికం. ఇకనైనా మానేయండి!

కోప్పడకండి, పూర్తిగా వినండి. చూడొద్దన్నానే గానీ కొనొద్దనలేదు. కొనండి. తప్పకుండా కొనండి. కొని, అరలో పెట్టి, అప్పుడప్పుడు దుమ్ము దులపండి. నాగరికుడికీ సినిమాకీ మధ్య ఉండాల్సిన సంబంధం అంతే. ఆ పవిత్ర సంబంధాన్ని కాపాడ్డానికి, కొని దాచుకునే కలెక్టర్ల కోసం పుట్టిన ప్రత్యేక పెట్టె పేరే కలెక్టర్స్ ఎడిషన్!

నా దగ్గర ఒకటుంది. 'ఆకలేసిన బీరువా' అనే హారర్ సినిమాది. ఎన్నో ఏళ్ళ క్రితం మా ఊళ్ళోనే, మా వీధి వెనక గోడౌన్‌లో, కొందరు కుర్రాళ్ళు చందాలేసుకుని తీసిన సినిమా. ఒక ఇంట్లో ఒక బీరువా ఉంటుంది. మొదట బట్టలు తింటుంది. తర్వాత ఆ బట్టలు తొడుక్కునేవాళ్ళ నీడల్ని తింటుంది. పోను పోను ఇంట్లోవాళ్ళు ఒకళ్ళ పేర్లొకళ్ళు మర్చిపోతారు. బీరువా లోపల ఒకమ్మాయి నిలబడి ఉంటుంది. ఎందుకు నిలబడింది? ఎవరికీ తెలీదు!

అప్పట్లో చూసినవాళ్ళు "ఇదేం గోలరా బాబూ" అని మధ్యలోనే లేచి వెళ్ళిపోయారట. ఇన్నాళ్ళకి విదేశాల్లో ఒక కంపెనీ, దొరికిన ఒకే ఒక్క ప్రింటుని కడిగి తుడిచి, 'మరుగునపడిన కళాఖండం' అని డిస్కు చేసి వదిలింది. చూశారా తేడా? సగం చూసి లేచి వెళ్ళిపోయినవాళ్ళు సామాన్యులు. అసలు చూడకుండానే ఆహా అంటున్న మేము రసజ్ఞులం!

పెట్టె చిన్న బీరువా ఆకారంలో ఉంటుంది. తెరుచుకునే తలుపులు, వాటికో బుల్లి తాళంచెవి. లోపల డిస్కు, పోస్టరు, వ్యాసాల పుస్తకం, షూటింగ్‌లో వాడిన దుప్పటిలోంచి కత్తిరించిన గుడ్డపీలిక. ఇవన్నీ నాకెలా తెలుసు? పెట్టె వెనకాల అచ్చేశారు కాబట్టి. నేను తెరవలేదు. పెట్టె చుట్టూ పల్చటి ప్లాస్టిక్ సీలు ఉంటుంది. అది చిరిగిందా, కలెక్టర్ల లోకంలో మీకు పుట్టగతులుండవు.

పెట్టె ఇంటికొచ్చిన రోజు మా ఆవిడ అడిగింది, "ఏంటండీ ఇది?" అని.

"హారర్ సినిమా."

"చూద్దామా?"

"తెరవకూడదు."

కాసేపు నా మొహంలోకి చూసి, "హారర్ అప్పుడే మొదలైనట్టుందే" అని లోపలికెళ్ళిపోయింది.

ఆవిడకి అర్థం కాలేదు గానీ, లాభాలు చూడండి. హారర్ సినిమా చూస్తే భయం. ఇలాంటి తలాతోకా లేని సినిమా చూస్తే అర్థం కాలేదన్న అవమానం అదనం. సీలు తీయకపోతే రెండూ లేవు! సినిమా ఎలా ఉందని ఎవరైనా అడిగితే, "ప్యాకింగ్ అమోఘం" అని నిజాయితీగా చెప్పొచ్చు. మా కలెక్టర్ల గ్రూపులో ఒక పెద్దాయన రెండు పెట్టెలు కొన్నాడు. ఒకటి తెరవకుండా దాచుకోవడానికి. రెండోది, మొదటిదాన్ని తెరవాలని చెయ్యి దురద పెడితే, దాని సీలు చూసి బుద్ధి తెచ్చుకోవడానికి. ఇంత నిగ్రహం తపస్సు చేసుకునేవాళ్ళకైనా ఉంటుందా?

ఇలా నేనూ నిగ్రహంతో కాలక్షేపం చేస్తుండగా, ఒక ఆదివారం మధ్యాహ్నం మా పిన్ని వచ్చింది.

పిన్నంటే మా అమ్మకి ఆఖరి చెల్లెలు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైంది. ఒక కంటి చూపు ఎప్పుడో పోయింది. రెండోది కూడా మసకబారుతోందని, ఇక ఆలస్యం చేయొద్దని, డాక్టరు ఆపరేషన్‌కి రమ్మన్నాడట. చూపు ఎలా ఉంటుందో చేశాకే చెప్పగలనన్నాడట. ఆ సంగతి చెప్తూ చెప్తూ అర వైపు తల తిప్పి, సగంలో ఆగిపోయింది. లేచి దగ్గరికెళ్ళి, పెట్టెని ముక్కుకి ఆనించుకున్నంత దగ్గరగా పట్టుకుని చూసింది.

"ఒరే, ఇది నేనేరా."

అట్ట మీద బీరువాలో నిలబడ్డ అమ్మాయి. నవ్వబోయి ఆగాను. ఆ ముక్కు అచ్చం మా అమ్మ ముక్కే!

"ఎక్స్ఛేంజిలో నా పక్క సీటు పిల్లకి ఒక అన్నయ్య ఉండేవాడు" అంది పిన్ని కూర్చుంటూ. "గడ్డం అని పిలిచేవాళ్ళం. సినిమా తీస్తానని పిచ్చెక్కినట్టు తిరిగేవాడు. 'బీరువాలో పట్టేంత సన్నగా ఉన్నావు, వస్తావా' అన్నాడు. సెలవు రోజుల్లో వెళ్ళి నిలబడేదాన్ని. మీ తాతయ్యకి తెలిస్తే చంపేసేవాడు. ఓవర్‌టైమ్ అని చెప్పాను."

"మాకెవరికీ ఎప్పుడూ చెప్పలేదేం?"

"చెప్పడానికి ఏముంది? రోజంతా ఫోన్లో వాగేదాన్ని. సినిమాలో ఒక్క మాటన్నా లేదు నాకు."

"మరి చూశావా?"

"ఎక్కడ? అది ఆడిన నాలుగు రోజులూ నాకు టైఫాయిడ్. నేను లేచేసరికి సినిమా ఎత్తేశారు. తర్వాత ప్రింటూ పోయింది, పాపం గడ్డమూ పోయాడు."

సీలు మీంచే బుల్లి తాళంచెవిని వేలితో తడిమింది.

"చివరి సీను రెండు రకాలుగా తీశాడురా. ఒకసారి తలుపు తోసుకుని నేను బయటికొచ్చేశాను. ఇంకోసారి తలుపు మూసుకుపోయింది. ఏది ఉంచుతావంటే, 'థియేటర్లో చూసుకో' అన్నాడు. ఇప్పటికీ తెలీదు. బయటికొచ్చానా, లోపలే ఉండిపోయానా? ఈ కన్ను కాస్త పనిచేస్తుండగానే చూసేస్తాను. తియ్యి."

పాఠకులారా, నా పరిస్థితి ఆలోచించండి! ఒకవైపు సొంత పిన్ని. ఇంకోవైపు ప్లాస్టిక్ సీలు. బాధ్యత గల కలెక్టరుగా నచ్చజెప్పడానికి ప్రయత్నించాను.

"పిన్నీ, సీలు తీస్తే దాని విలువ పోతుంది."

"లోపలున్నది నేనురా. నా విలువ నీకంటే నాకు బాగా తెలుసు."

మా ఆవిడ కత్తెర తెచ్చి పిన్ని చేతిలో పెట్టింది. సీలు చర్రుమంది. నేను కళ్ళు మూసుకున్నాను.

వ్యాసాల పుస్తకం తెరిచి పైకి చదవమంది పిన్ని. చదివాను. "ఈ గుర్తుతెలియని నటి ముఖంలో నటన అన్నది మచ్చుకైనా కనిపించదు" అన్నచోట ఆగిపోయాను. పిన్ని మనసు కష్టపెట్టుకుంటుందేమోనని భయం. ఆవిడేమో పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఎంత బాగా కనిపెట్టాడు! గడ్డం కూడా అదే అనేవాడు." తర్వాత నవ్వు కాస్త తగ్గించి, "అవును గానీ, గుర్తుతెలియని అని ఎందుకు రాశారు? అడిగితే చెప్పేదాన్నిగా. నా ఫోన్ నంబరు మారనే లేదు" అంది.

ఇక డిస్కు. కలెక్టర్లకి ప్లేయరు ఉండాల్సిన అవసరం లేదు కాబట్టి మా ఇంట్లో లేదు. ఎదురింటి డ్రైవింగ్ మాస్టారు తన పాతది బూజు దులిపి తెచ్చి, వైర్లు తగిలించి, సినిమా ఏంటో చూద్దామని ఆయనా కూర్చున్నాడు. పిన్ని కుర్చీని టీవీకి మూరెడు దూరంలోకి లాక్కుంది. డిస్కు లోపలికెళ్ళింది, తిరిగింది. తెర నీలంగా మారింది. నీలం మీద తెల్లటి అక్షరాలు.

'ఈ డిస్కును మీ ప్రాంతంలో ప్రదర్శించడానికి అనుమతి లేదు.'

"పేర్లు పడుతున్నాయా?" అంది పిన్ని.

కంపెనీవాళ్ళ ఇండియా నంబరుకి ఫోన్ చేశాను. చాలాసేపు సంగీతం వినిపించాక ఒకమ్మాయి పలికింది.

"సార్, మీ ప్రాంతంలో ఈ చిత్రాన్ని చూసే వీల్లేదు."

"సినిమా తీసింది ఇక్కడేనండీ! మా వీధి వెనకే!"

"తీయడానికి అభ్యంతరం లేదు సార్. చూడ్డానికే."

"మరి నాకెందుకు అమ్మారు?"

"కొనడానికీ అభ్యంతరం లేదు సార్."

పిన్ని చెయ్యి చాపి ఫోన్ తీసుకుంది. ఎక్స్ఛేంజి రోజుల గొంతు ఒక్కసారిగా బయటికొచ్చింది.

"అమ్మాయ్, నేనూ నీలాగే ఫోన్ల దగ్గర పనిచేసినదాన్నే. నీ తప్పేం లేదులే. ఒక్క ముక్క చెప్పు. చివర్లో ఆ అమ్మాయి బయటికొస్తుందా?"

"సారీ మేడమ్, కథ గురించి చెప్పే అనుమతి మాకు లేదు."

"పోనీలే తల్లీ" అని ఫోన్ పెట్టేసింది. "గొంతు బాగుంది పిల్లది" అంది మాతో. కాసేపటికి కుర్చీని మెల్లగా వెనక్కి జరుపుకుంది.

డ్రైవింగ్ మాస్టారు వైర్లు పీకుతూ, ఎవరి తప్పో తెలీక, "సారీ అమ్మా" అన్నాడు.

ఆ సాయంత్రమే మా కలెక్టర్ల గ్రూపులో అడిగాను, చివర ఏమవుతుందో ఎవరైనా చూశారా అని. ఆ గ్రూపులో అనుమతి ఉన్న దేశాలవాళ్ళు బోలెడుమంది. జవాబుగా మెరిసిపోతున్న పెట్టెల ఫొటోలు వచ్చాయి. ఒక్కడు మాత్రం, "అంటే నువ్వు సీలు తీశావా?" అని అడిగాడు. తీశానన్నాను. గ్రూపులోంచి తీసేశారు!

చూశారా ఎంత పకడ్బందీ ఏర్పాటో? చూడగలిగినవాళ్ళు తెరవరు. తెరిచినవాళ్ళు చూడలేరు. సినిమాకి ఇంతకంటే భద్రత ఉంటుందా? అందుకే మళ్ళీ చెప్తున్నాను, కలెక్టర్స్ ఎడిషన్ ఒక వరం.

పిన్నికి ఆపరేషన్ అయింది. కట్టు ఇంకా విప్పలేదు. మంచం మీంచే నాకు ఫోన్ చేసి, "ఏమైనా తెలిసిందా?" అంటోంది.

కాబట్టి మీలో ఎవరైనా, అనుమతి ఉన్న ప్రాంతంలో ఉండి, నాగరికత వదిలేసి, సీలు చింపి, ఆ సినిమా చివరిదాకా చూసి ఉంటే, దయచేసి ఈ పత్రిక ఆఫీసుకి ఫోన్ చేయండి. అర్థం చెప్పక్కర్లేదు. ఆ అమ్మాయి బయటికొచ్చిందా లేదా, అదొక్కటి చెప్పండి చాలు.

తలుపు మూసుకుపోతే, అది కూడా దాచకుండా నాకు చెప్పండి. పిన్నికి మాత్రం బయటికొచ్చేశావనే చెప్తాను. ఆ ముగింపు కూడా తీశారుగా! మా ప్రాంతంలో దాన్ని ఆడించడానికి నాకెవరి అనుమతీ అక్కర్లేదు.