హిల్మాగారి తరఫున శాలువా

గత ఆదివారం ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు దిల్‌సుఖ్‌నగర్‌లోని మా అపార్ట్‌మెంటు నివాసుల సంఘం అమూర్త చిత్రకళను సంపూర్ణంగా అర్థం చేసుకున్నదని సవినయంగా ప్రకటిస్తున్నాను. పదకొండున్నరకు టిఫిన్లు వడ్డించారు.

స్వీడన్ దేశపు హిల్మా ఆఫ్ క్లింట్ ఆ కళకు తొలి దారి వేసినవారిలో ఒకరు. మనుషులనూ చెట్లనూ వదిలి వలయాలూ చుట్టలూ గీసింది. లోకానికి అర్థం కాదని తలచి, తాను పోయాక ఇరవై ఏళ్ళ దాకా వాటిని చూపవద్దన్నది. ఈ అన్యాయంపై నేను ముప్పై ఏళ్ళుగా ఆగ్రహంతో ఉన్నాను. ఆగ్రహించే అర్హత మా అపార్ట్‌మెంటులో నా ఒక్కదానికే ఉంది. విశ్రాంత అధ్యాపకురాలిని, నాకు మూడు బీరువాల పుస్తకాలున్నాయి, రెండు బీరువాలు చదివాను కూడా.

సంఘాధ్యక్షులు చక్రపాణిగారికి ఒకటే సందేహం. "సన్మానమంటున్నారు, ఉదయలక్ష్మిగారూ, శాలువా ఎవరికి కప్పాలండీ? ఆవిడ లేరుగా?"

గ్రహీత లేకపోవడం సన్మానాన్ని ఆపడానికి తగిన కారణం కాదని సంఘం తీర్మానించింది. ఆమె తరఫున స్వీకరించడానికి నేను రెండుసార్లు నిరాకరించి మూడోసారి అంగీకరించాను. నాకు మెరూన్ రంగు నప్పుతుందని అంతకుముందే తెలియజేసి ఉన్నాను.

వేదికకు హిల్మా చిత్రపు పెద్ద నకలు కావలసి వచ్చింది. మా వాచ్‌మన్ అంతయ్య కూతురు అరుణజ్యోతి ఒకప్పుడు దుకాణాలకు బోర్డులు రాసేది. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని పోయింది. నకలు వేసి తెచ్చింది. వెంట తన సొంత బొమ్మ కూడా తెచ్చింది.

"మేడమ్, జర దీన్ని గూడ పక్కకు వెట్టుండ్రి. ఎల్బీ నగర్ల ప్లేస్కూల్ నడిపే ఇంద్రాణి మేడమ్ ఒస్తున్నరట గద. గోడల మీద బొమ్మలేసెటోళ్లు కావాల్నట. చూస్తే నాకు పని దొరుకుతది."

"గొప్పవాళ్ళ పక్కన ఎలా పెడతామమ్మా? నీకింకా చాలా సమయం ఉంది."

"ఎంత మేడమ్? మీ హిల్మమ్మ లెక్క ఇరవై ఏండ్లా?"

నేను ఆ బొమ్మ చూడలేదు. నిజానికి నకలు కూడా చూడలేదు. చూడవలసిన అగత్యం పండితులకు ఉండదు.

ఏది తగిలించాలో నేను చెప్పకపోవడంతో అంతయ్య రెండూ తగిలించాడు. ఫొటో బాగా రావాలని కళ్ళజోడు తీసి, ఎడమవైపు చిత్రాన్ని చూపిస్తూ పదిహేను నిమిషాలు ప్రసంగించాను. "ఈ పసుపు చుట్టలో విశ్వం ఊపిరి పీలుస్తున్నది! ఇటువంటి స్త్రీని సమకాలికులు గుర్తించలేదంటే అది వారి అంధత్వం!" చప్పట్లు మోగాయి. శాలువా కప్పారు.

కళ్ళజోడు పెట్టుకున్నాక చూశాను. పసుపు చుట్ట ఉన్న చిత్రం కింద మూలన తెలుగులో 'అరుణ' అని ఉంది. హిల్మా పేరున్న నకలు కుడివైపున ఉంది. ఆ అరుణ చివరి వరుస వెనక నిలబడి నన్నే చూస్తున్నది.

అంతలో, ప్రసంగం మధ్యలో వచ్చి కూర్చున్న ఇంద్రాణి వచ్చి నా చేతులు పట్టుకున్నారు. "ఎంత బాగా చెప్పారండీ! మా స్కూల్ గోడల నిండా అచ్చం ఇలాంటివే వేయించాలి. వేసిందెవరో చెప్పండి, రేపే పిలిపిస్తాను."

వేసిన మనిషి మీ వెనక పదడుగుల దూరంలో ఉన్నదని చెప్పవచ్చు. అప్పుడు నా ప్రసంగం ఏమవుతుంది? ముప్పై ఏళ్ళ ఆగ్రహం ఏమవుతుంది?

"ఆవిడ పోయారండీ," అన్నాను. "1944లో."

బతికున్న మనిషి మరణ సంవత్సరాన్ని ఇంత కచ్చితంగా చెప్పడం పాండిత్యం ఉన్నవారికే సాధ్యం.

"అయ్యో!" అన్నారు ఇంద్రాణి. చక్రపాణిగారు వెంటనే మైకు అందుకుని, ఆ మహా చిత్రకారిణి ఆత్మశాంతికి రెండు నిమిషాలు మౌనం పాటించవలసిందిగా కోరారు. సభ మొత్తం లేచింది. అరుణజ్యోతి కూడా చేతులు కట్టుకుని, తల వంచి నిలబడింది.

మా సంఘ చరిత్రలో అంత క్రమశిక్షణ ఎన్నడూ లేదు. ఒక్కరూ దగ్గలేదు. ఆ మౌనాన్ని భంగపరచగలిగిన ఏకైక సభ్యురాలిని కాబట్టి, అందరికంటే నిష్ఠగా పాటించింది నేనే.