మా ఊరి క్యాన్సర్ నడక

బంధుత్వాలు నిలబడాలంటే పెళ్ళిళ్ళు, చావులు చాలవు. చందాలు ఉండాలి! ఈ మాట నేను ఊరికే అనడం లేదు. మా నరసరావుపేటలో మొన్న జరిగిన క్యాన్సర్ నడక కోసం పల్నాడంతా తిరిగి, చెప్పులు అరిగాక అంటున్నాను.

మండలాలు వచ్చాయి. ఇంటింటికీ టీవీ వస్తోందంటున్నారు. మనకు క్యాన్సర్ నడక మాత్రం ఎందుకు రాకూడదు? అదేమిటని అడిగే అమాయకులు ఇంకా ఉన్నారు కాబట్టి చెబుతాను. మనం నడవాలి. మనం నడిచినందుకు మన బంధుమిత్రులు మైలుకింత అని ఇచ్చుకోవాలి. ఆ సొమ్ము క్యాన్సర్ రోగులకు పోవాలి. మద్రాసులో ఎవరో ఇలా నడిచారని పేపర్లో చదివి మా సేవాసంఘం అధ్యక్షులు ధనుంజయరావు గారు ఉత్తేజితులయ్యారు. ఆయనది పొగాకు వ్యాపారం. ఈ పనికి ఆయన కంటే అర్హులెవరు, మీరే చెప్పండి!

నన్ను కార్యదర్శిని చేశారు. ఆ క్షణం నుంచి నాకు చుట్టాల మీద ప్రేమ పొంగుకొచ్చింది.

ముందుగా బొల్లాపల్లిలో మా పున్నయ్య బాబాయి దగ్గరకు వెళ్ళాను. ఆయన అంతా ఓపిగ్గా విన్నాడు. తలగుడ్డ విప్పి దులుపుకున్నాడు.

"ఒరేయ్, నడవటానికి డబ్బులడుగుతావేందిరా? తిరునాళ్ళకు నేను కోటప్పకొండ దాకా నడిచిపోయా. నాకెవుడిచ్చాడు? అంత నడవలేకపోతే చెప్పు, బండి కట్టిస్తా, ఎక్కిపో!"

ఇంతటి వాత్సల్యం చందా అడక్కపోతే బయటపడేదా?

కారంపూడిలో మా బావమరిది ఉన్నాడు. మోకాళ్ళ నొప్పులతో మంచం దిగలేకపోతున్నాడని మా ఆవిడ ఎప్పటినుంచో బెంగపెట్టుకుంది. నేను బస్సు దిగి వాళ్ళ సందు మలుపు తిరగడమే ఆలస్యం, ఆయన అరుగు మీంచి దూకి పత్తి బస్తాల వెనక్కి మాయమయ్యాడు. క్యాన్సర్ సంగతేమో గాని, చందాకు మోకాళ్ళ నొప్పులు నయమవుతాయని రుజువైపోయింది.

ఇక మా ఊళ్ళో జనం ఇంకా మర్యాదస్తులు. ఏ ఇంటికి వెళ్ళినా మంచినీళ్ళిచ్చి, "మా ఇంట్లో ఎవరికీ ఆ జబ్బు లేదండీ" అనేవారు. నేను చందా అడిగానా, రోగం అంటగట్టానా? ఒకాయన అడక్కముందే జేబులోంచి నోటు తీసి నా చేతిలో కుక్కి, ఆ మాట మాత్రం తన గుమ్మంలో పైకి అనొద్దని బతిమాలాడు. అనకుండానే ఇంత ఫలితమిచ్చే మాట మన భాషలో ఇంకొకటి ఉందా?

ఈ తిరుగుడులో నేనొక గొప్ప సత్యం కనిపెట్టాను. మా ఊళ్ళో క్యాన్సర్ ఎవరికీ లేదు. అందరికీ అల్సరే! కడుపులో అల్సర్, నాలుక మీద అల్సర్, ఒకాయనకైతే తొడ ఎముకలో అల్సర్. ఇక్కడి అల్సర్‌కు జుట్టు కూడా ఊడుతుంది. డాక్టర్లకింకా ఈ సంగతి తెలిసినట్టు లేదు.

ధనుంజయరావు గారి వదిన హైమావతమ్మ గారికి కూడా అల్సరే. గొంతులో. భర్త పోయాక ఆమె మరిది గారింటి వెనక వాటాలో ఉంటోంది. గుంటూరులో డాక్టరు చూసి, రోజూ వచ్చి కరెంటు, అదే రేడియేషన్, పెట్టించుకోవాలి, ఆలస్యం చేస్తే మనిషి దక్కదని చెప్పాడు. అలా చెప్పడం డాక్టరుకు తేలికే. ఇక్కడ రావుగారి అబ్బాయికి మాచర్ల సంబంధం కుదురుతోంది! ఇంట్లో ఆ జబ్బుందని తెలిస్తే పిల్లనిస్తారా? వదిన గారిది వేరే రక్తం కదా అంటారా? సంబంధాలు చూసేవాళ్ళు అంత సైన్సు చదువుకుని వస్తారా? ఆమె రోజూ గుంటూరు బస్సెక్కితే పదిమంది కంట పడదా?

అందుకని పెళ్ళయ్యేదాకా ఆగమన్నారు. రావుగారు ఆగమంటే మా సంఘమంతా ఆగుతుంది. గొంతులో గడ్డ మాత్రం ఎందుకాగదు?

జెండా ఊపడానికి ఆ కాబోయే వియ్యంకుడు అమరేశ్వరరావు గారినే మాచర్ల నుంచి పిలిపించారు. రావుగారు రోజూ పొద్దున్నే పెరట్లో పచార్లు చేస్తూ ఉపన్యాసం వల్లెవేశారు. "సోదర సోదరీమణులారా! ఈ జబ్బును దాచకండి! సిగ్గుపడకండి! ఈ రోజే డాక్టరు దగ్గరకు వెళ్ళండి!" వింటుంటే నాకు ఒళ్ళు పులకరించింది. 

నడక రోజు చూడాలి మా వైభవం! తెల్ల టోపీలు, బ్యాండు మేళం, గోలీసోడాలు, ముందు "క్యాన్సర్ నడక" అని ఎర్రక్షరాల బ్యానర్. పెద్దలు అలిసిపోకుండా రావుగారు దారిలో బడ్డీకొట్ల దగ్గర సిగరెట్లు ఏర్పాటు చేశారు. దమ్ము లేకుండా ఎవరు మాత్రం నడవగలరు?

బస్టాండు గేటు దగ్గర ఫోటో కోసం ఆగాం. సరిగ్గా అప్పుడే హైమావతమ్మ గారు చేతిసంచి పట్టుకుని వచ్చింది. తోడుగా పక్కింటి జైనాబ్ బీ ఉంది.

రావుగారు ఫోటో నవ్వు చెదరనివ్వకుండా గొంతు తగ్గించారు. "ఏంది వదినా ఇది? పెళ్ళి కానీయమన్నా గదా. ఎక్కడికి?"

"గుంటూరుకయ్యా." ఆమె మాట బొంగురుపోయి, కష్టం మీద వస్తోంది. "రోజూ పొద్దున్నే చెబుతున్నావు గదా, దాచొద్దు, సిగ్గుపడొద్దు, ఈ రోజే పొమ్మని. గోడవతల నుంచి వింటానే ఉన్నా. ఎదురుగా చెప్పలేక గోడకు చెబుతున్నాడు, నా మీద ఎంత ప్రేమో మా ధనుంజయకు అనుకున్నా."

వియ్యంకుడు గారు ఇటు తిరిగారు. రావుగారు గబగబా, "అల్సరండీ, వదినకు. చిన్న అల్సర్" అన్నారు.

"అల్సరేంది అన్నా?" అంది జైనాబ్ బీ. "ఆ గుడ్డ మీద అంతేసి అక్షరాలతో రాయించి, మళ్ళా అల్సరంటారేంది?"

ఆమె హైమావతమ్మ గారి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి బస్సెక్కించి, తనూ ఎక్కింది. అమరేశ్వరరావు గారు ఊపిన జెండాను చుట్టి చంకలో పెట్టుకున్నారు.

ఇలాంటి నడకల వల్ల ఒరిగేదేమీ లేదనేవాళ్ళు ఇప్పుడేమంటారు? ఒక మనిషి మా ఉపన్యాసం నమ్మింది! నమ్మి, ప్రాణం దక్కించుకోవడానికి బయల్దేరింది. ఆమె నమ్మకానికి మేమే నివ్వెరపోయాం. ఇంతమందిమి ఆమె లాంటివాళ్ళ కోసమే నడిచాం కదా! ఆమెకు తోడు బస్సెక్కింది మాత్రం, టోపీ కూడా లేని పక్కింటామె.

గుంటూరు బస్సు గేటు దాకా వచ్చి ఆగింది. అడ్డంగా మేమున్నాం. ఫోటోగ్రాఫరు ఎవరూ కదలొద్దంటున్నాడు. రావుగారు బ్యానర్ ఇంకా గట్టిగా పట్టుకున్నారు. డ్రైవరు హారన్ మీద హారన్ కొట్టాడు. చివరికి తల బయటపెట్టి, బ్యానర్ ఒకసారి చూసి, గొంతెత్తి అరిచాడు.

"ఓ క్యాన్సరోళ్ళూ, పక్కకు జరగండయ్యా! లోపల పేషెంటుంది!"

తననే అంత మాట అన్నాడని రావుగారు అదిరిపడి బ్యానర్ వదిలేశారు. దారి దొరికింది. బస్సు వెళ్ళింది.