బండలు పలికించిన రామ్‌చందర్

ఆ ఆదివారం పొద్దున్నే రామ్‌చందర్ గిటార్ తీగలు బిగించుకున్నాడు. సాయంత్రం కార్మికుల క్లబ్బులో వాయించాలని అతని ఆశ. ఇల్లందు బొగ్గుగనిలో ఉద్యోగం, గని క్వార్టర్లో ఒంటి బతుకు. ఇన్నేళ్లలో ఆ గిటార్‌ను గోడలు తప్ప ఎవరూ విన్న పాపాన పోలేదు.

సాయంత్రం క్లబ్బుకు పోయే దారిలో పత్రికా విలేకరి పగిడయ్య ఆపాడు.

"రామ్‌చందరన్నా, గదేం సంగీతమే?"

"రాక్."

"అవ్! గట్లనే రాస్త. పట్నపోళ్లకు సమజైతది."

కరెంటు పోయి కచేరీ జరగలేదు గానీ వార్త మాత్రం వెళ్లిపోయింది. పట్నంలో దాన్ని దిద్దినాయనకు రాక్ అంటే రాయి అని మాత్రమే తెలుసు. రెండ్రోజులకు పత్రికలో పెద్దక్షరాలు: 'బండరాళ్లను పలికిస్తున్న గని కార్మికుడు!'

ఇంకేముంది, వాకిట్లో జాతర. టేకులపల్లి నుంచి ఒకాయన ఎడ్లబండి నిండా రాళ్లు తోలుకొచ్చాడు. చర్ల వాళ్లు జీపులో వాగులోంచి పెద్ద గుండురాయినే తెచ్చి దించారు.

"నాది గిటారు సారూ..." అన్నాడు రామ్‌చందర్.

"గది తర్వాత. ముందుగాల బండ కొట్టు!"

గత్యంతరం లేక సుత్తితో ఒక్కటిచ్చాడు. ఠంగుమంది.

"ఆహా, మోహన రాగం!" అని ఒక పెద్దమనిషి కళ్లు మూసుకున్నాడు.

తర్వాత రేడియోవాళ్లు, సన్మానాలు, శాలువాలు. ఏ వేదిక మీద గిటార్ తీయబోయినా ఎవరో ఒకరు మర్యాదగా అందుకుని మూలన పెట్టేవారు. ఊరూరా దండలు వేయించుకుని ఇంటికొచ్చి, గుప్పెడు బియ్యం ఉడకేసుకుని, గోడకేసి చూస్తూ తినేవాడు. 'తిన్నావా' అని అడిగే మనిషి లేడు.

ఆఖరికి వేరే పత్రికవాడొకడు కిటికీలోంచి తొంగిచూసి రాసేశాడు: 'బండల విద్వాంసుడి గుట్టు రట్టు! చాటుగా గిటార్ సాధన!'

పగిడయ్య పరుగెత్తుకొచ్చాడు. "గింత మోసమా అన్నా? నా ఇజ్జత్ తీసినవ్ గదనే!"

మర్నాటి నుంచి పిట్ట కూడా వాలలేదు. వాకిలి నిండా రాళ్లే మిగిలాయి. వాటి నడుమ కూర్చుని రామ్‌చందర్ కరువుతీరా గిటార్ వాయించాడు. తలెత్తితే పక్క క్వార్టర్ భద్రమ్మ ఎదురుగా నిలబడి ఉంది. పాట అయ్యేదాకా కదల్లేదు.

అతను గబగబా తీగలు సవరించుకున్నాడు. "ఇంకోటి వాయించాల్నా, భద్రమ్మక్కా?"

"వాయించుకో తమ్మీ, నాకేంది!" అంటూ ఆమె బట్టలుతకడానికి నున్నటి బండ ఒకటి ఎంచుకుని దొర్లించుకుపోయింది.